మొక్కల యాంటీఆక్సిడెంట్లను మారిస్తే మారేదేమిటి?

ఉత్తర అమెరికా ఎడారుల్లో క్రియోసోట్ అనే పొద పెరుగుతుంది. దాని ఆకుల మీద పూతలా ఉండే జిగురులో నార్‌డైహైడ్రోగ్వాయారెటిక్ ఆమ్లం అనే పదార్థం బాగా ఉంటుంది. పేరు పెద్దది కాబట్టి ఎన్‌డీజీఏ అంటారు. నూనెలు, కొవ్వులు పాడై వాసన పట్టకుండా ఆపడంలో అది దిట్ట. అందుకే 1940ల నుంచి అమెరికాలో దాన్ని ఆహార పదార్థాల్లో కలిపేవారు. తర్వాత ఎలుకలకు తినిపించి చూస్తే వాటి మూత్రపిండాల్లో తిత్తులు కనిపించాయి. 1968లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని సురక్షిత పదార్థాల జాబితా నుంచి తీసేసింది.

మొక్క నుంచి వచ్చిన పదార్థమే, ఆక్సీకరణను ఆపే పదార్థమే, అయినా కిడ్నీని దెబ్బతీసింది. ఇందులో ముఖ్యంగా గమనించాల్సింది ఒకటుంది. కొవ్వును కాపాడిందీ, కిడ్నీకి హాని చేసిందీ ఆ అణువులోని ఒకే భాగం. మొక్కల యాంటీఆక్సిడెంట్లను ప్రయోగశాలలో మార్చి మెరుగుపరచాలన్న ప్రయత్నం మొత్తం ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతుంది.

ఫ్రీ రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు. ఆ లోటు తీర్చుకోవడానికి పక్కన ఏది దొరికితే దాని నుంచి ఒక హైడ్రోజన్ పరమాణువును లాక్కుంటుంది. కణం పైపొరలోని కొవ్వు ఆమ్లం నుంచి లాక్కుంటే ఆ కొవ్వు ఆమ్లమే కొత్త రాడికల్ అవుతుంది. అది ఇంకోదాని మీద పడుతుంది, గొలుసు సాగుతుంది. ఫినాల్ జాతి యాంటీఆక్సిడెంట్‌లో కార్బన్ల వలయానికి ఓహెచ్ గుంపు, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన ముక్క, అంటుకుని ఉంటుంది. అది మధ్యలో దూరి తన ఓహెచ్ గుంపులోని హైడ్రోజన్‌ను ఇచ్చేస్తుంది. అప్పుడు తానూ రాడికల్ అవుతుంది గానీ, ఆ ఒంటరి ఎలక్ట్రాన్ వలయమంతా పరచుకోవడం వల్ల ఉద్రేకం తగ్గుతుంది, గొలుసు అక్కడితో తెగుతుంది. హైడ్రోజన్ ఎంత సులువుగా ఊడితే యాంటీఆక్సిడెంట్ అంత చురుకైనది. మామూలు ఫినాల్‌లో ఆ బంధాన్ని తెంచడానికి మోల్‌కు దాదాపు 87 కిలోకేలరీలు కావాలి. విటమిన్ ఇ రూపాల్లో ముఖ్యమైన ఆల్ఫా టోకోఫెరాల్‌కు సుమారు 77 చాలు.

ఇక పక్కపక్కనే రెండు ఓహెచ్ గుంపులు ఉంటే ఆ నిర్మాణాన్ని క్యాటెకాల్ అంటారు. మొక్కల్లో దొరికే క్వెర్సెటిన్, కెఫిక్ ఆమ్లం, హైడ్రాక్సీటైరోసాల్ అన్నిటిలోనూ ఇదే ఉంటుంది. ఎన్‌డీజీఏలో రెండు చోట్ల ఉంటుంది. క్యాటెకాల్ హైడ్రోజన్‌ను తేలిగ్గా వదులుతుంది. కానీ రెండు హైడ్రోజన్లూ పోయాక మిగిలేది క్వినోన్. క్వినోన్లు ప్రొటీన్లలో గంధకం ఉన్న చోట్లకు అతుక్కుంటాయి, కణం తన రక్షణకు దాచుకున్న గ్లూటాథయోన్‌ను ఖర్చు చేయిస్తాయి. దగ్గర్లో రాగి, ఇనుము అయాన్లు ఉంటే కథ ఇంకా అడ్డం తిరుగుతుంది. క్యాటెకాల్ తన ఎలక్ట్రాన్లను చివరికి ఆక్సిజన్‌కు అప్పగించి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ఆక్సీకరణను ఆపాల్సిన పదార్థమే ఆక్సీకరణను రేపుతుందన్నమాట.

ఎన్‌డీజీఏను ఏం చేస్తే ఈ హాని తప్పుతుంది? దాని నాలుగు ఓహెచ్ గుంపుల్లోనూ హైడ్రోజన్ స్థానంలో మిథైల్ గుంపులు, అంటే ఒక కార్బన్ ఉన్న చిన్న ముక్కలు, తొడిగారు రసాయన శాస్త్రవేత్తలు. అలా తయారైన టెరామెప్రోకాల్ క్వినోన్‌గా మారలేదు. క్యాన్సర్ రోగుల మీద తొలి దశ ప్రయోగాల దాకా వెళ్లింది. కానీ ఇవ్వడానికి హైడ్రోజన్ లేదు కాబట్టి అదిప్పుడు యాంటీఆక్సిడెంట్ కానే కాదు. కణంలో అది చేసే పని వేరు. హానితో పాటు గుణం కూడా పోయింది. అందువల్ల నిజంగా తేల్చాల్సింది ఓహెచ్‌ను శాశ్వతంగా మూసేయడం గురించి కాదు. ఏ ఓహెచ్‌ను, ఎంతసేపు, ఎక్కడిదాకా మూసి ఉంచాలన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు వెళ్లే ముందు ఒక అపోహను పక్కన పెట్టాలి. కొత్తగా తయారు చేసిన యాంటీఆక్సిడెంట్ ఎంత బాగుందో చెప్పడానికి చాలా పరిశోధనా పత్రాలు డీపీపీహెచ్ పరీక్షతో మొదలుపెడతాయి. డీపీపీహెచ్ ముదురు ఊదారంగు పొడి. రాడికలే అయినా సీసాలో స్థిరంగా నిలిచి ఉంటుంది. దాన్ని మిథనాల్‌లో కరిగించి, పరీక్షించాల్సిన పదార్థాన్ని చేర్చితే ఊదారంగు తగ్గి పసుపు తేలుతుంది. 517 నానోమీటర్ల దగ్గర కాంతి ఎంత తక్కువగా పీల్చుకుంటే పదార్థం అంత బలమైనదని లెక్క. చవకైన పరీక్ష, తొందరగా అయిపోతుంది, ఫొటోలోనూ బాగుంటుంది. అయితే డీపీపీహెచ్ ఏ జీవి శరీరంలోనూ ఉండదు, మిథనాల్‌లో ఏ కణమూ బతకదు. ఇలాంటి మరో కొలమానం ఓరాక్. ఆహార పదార్థాల ఓరాక్ అంకెల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తొలగించింది. ఆ అంకెలకూ శరీరంలో కలిగే ఫలితానికీ పొంతన లేదని, వాటిని ప్రకటనల కోసం వాడుకుంటున్నారని కారణం చెప్పింది.

బలం పెంచితే మేలు పెరగదని చెప్పడానికి ఒక సాదా లెక్క చాలు. అన్నిటికంటే ప్రమాదకరమైన హైడ్రాక్సిల్ రాడికల్ ఎదురైన ప్రతి అణువుతోనూ దాదాపు తాకిన క్షణంలోనే చర్య జరుపుతుంది. దాన్ని పట్టుకోవాలంటే యాంటీఆక్సిడెంట్ కణంలో చక్కెరలు, ప్రొటీన్లు ఉన్నంత గాఢతలో ఉండాలి. కణాల్లో గ్లూటాథయోన్ 1 నుంచి 10 మిల్లీమోలార్ దాకా ఉంటుంది. నోటి ద్వారా తీసుకున్న పాలీఫినాల్, అంటే చాలా ఫినాల్ ముక్కలున్న మొక్కల పదార్థం, రక్తంలో మహా అయితే కొన్ని మైక్రోమోలార్ల స్థాయికి చేరుతుంది, అది కూడా చాలావరకు రూపం మారాకే. వేయి రెట్లు వెనకబడి ఉన్న అణువు పరీక్షనాళికలో రెండింతలు చురుగ్గా ఉంటే ఒరిగేదేముంది? విటమిన్ ఇ మాత్రం ఈ లెక్కకు మినహాయింపు. కణపు పొరలో నిదానంగా నడిచే పెరాక్సిల్ రాడికల్ గొలుసును అది సరిగ్గా ఆ పొరలోనే కూర్చుని తెంపుతుంది. వేయి కొవ్వు అణువులకు ఒకటి ఉన్నా పని జరుగుతుంది. దాని విజయం బలం వల్ల కాదు, చోటు వల్ల.

డోసు పెంచడమూ దారి కాదని మనుషుల మీద జరిగిన పెద్ద ప్రయోగాలు చెప్పాయి. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులతో చేసిన ఏటీబీసీ ప్రయోగంలో రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. అమెరికాలో జరిగిన కేరెట్ ప్రయోగంలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇచ్చారు. అక్కడ 28 శాతం పెరుగుదల కనిపించడంతో 1996 జనవరిలో అనుకున్న గడువు కంటే 21 నెలల ముందే ఆపేశారు. ఆ మనుషులు క్యాన్సర్ రాకూడదనే ఆ మాత్రలు వేసుకున్నారు. ఈ రంగంలో పనిచేసే ఎవరూ ఆ సంగతి మరిచిపోకూడదు.

మరి మార్చాల్సింది ఏమిటి? మొదటిది, పదార్థం శరీరంలోకి చేరే తీరు. ద్రాక్ష తొక్కల్లో ఉండే రెస్వెరాట్రాల్‌నే చూడండి. నోటి ద్వారా 25 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే కనీసం 70 శాతం పేగుల నుంచి లోపలికి పోయింది. కానీ పేగు గోడ, కాలేయం కలిసి దాని ఓహెచ్ గుంపులకు సల్ఫేట్‌నో గ్లూకురోనిక్ ఆమ్లాన్నో తగిలించేస్తాయి. మార్పు లేని రెస్వెరాట్రాల్ రక్తంలో జాడమాత్రంగా మిగిలింది. శరీరం దాన్ని బయటివారి సరుకుగా చూసి ముద్ర వేసి పంపించేస్తోంది. మూడు ఓహెచ్‌లలో రెండింటికి మిథైల్ గుంపులు తొడిగితే వచ్చేది టెరోస్టిల్‌బీన్. ప్రకృతిలోనూ దొరుకుతుంది. ఎలుకల్లో రెస్వెరాట్రాల్ సుమారు 20 శాతం రక్తానికి అందితే, ఇది 80 శాతం దాకా అందింది. విజయమే అనిపిస్తుంది. అయితే మనుషుల మీద జరిగిన ఒక ప్రయోగంలో టెరోస్టిల్‌బీన్ తీసుకున్నవారిలో రక్తపోటు కొంత తగ్గినా చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ పెరిగింది. ఎక్కువగా అందడం వేరు, ఎక్కువ మేలు చేయడం వేరు.

ఓహెచ్‌ను తాత్కాలికంగా మూసే పద్ధతికి అందమైన ఉదాహరణ విటమిన్ సి. నీళ్లలో కరిగించి గాలికి వదిలితే అది కొద్ది రోజుల్లోనే పసుపు, ఆపై గోధుమరంగు తిరుగుతుంది. అంటే చర్మానికి రాసేలోపే క్రీములో ఖర్చైపోతుంది. జపాన్ పరిశోధకులు దాని రెండో కార్బన్ మీద ఉన్న ఓహెచ్‌కు ఎంజైమ్ సాయంతో ఒక గ్లూకోజ్ అణువును అతికించారు. ఆ ఒక్క మూతతో విటమిన్ సి ద్రావణంలో నిలకడగా ఉంటుంది. చర్మ కణాల్లోని ఆల్ఫా గ్లూకోసైడేజ్ ఎంజైమ్ ఆ గ్లూకోజ్‌ను కత్తిరించగానే మామూలు విటమిన్ సి, దానితో పాటు ఒక గ్లూకోజ్ మిగులుతాయి. రెండూ శరీరానికి పాత పరిచయస్తులే. మూత ఊడాక మిగిలే ముక్క కూడా నిరపాయంగా ఉండటం ఈ డిజైన్‌లోని అసలు తెలివి. అన్ని మూతలూ ఇలా ఉండవు. కొన్ని మందుల్లో మూతగా వాడే పివాలిక్ ఆమ్లం విడుదలయ్యాక, కొవ్వును శక్తిగా మార్చడానికి శరీరం వాడుకునే కార్నిటైన్‌ను వెంటబెట్టుకుని మూత్రంలో పోతుంది. ఎక్కువ కాలం వాడితే కార్నిటైన్ లోపం వస్తుంది.

రెండో దారి తోక తగిలించడం. నీళ్లలో కరిగే ఫినాలిక్ ఆమ్లానికి కొవ్వు గొలుసును కలిపి నూనెకు దగ్గర చేస్తారు. గొలుసు ఎంత పొడుగైతే అంత మంచిదని ఎవరికైనా తోస్తుంది. కాఫీలో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లానికి రకరకాల పొడవుల తోకలు తగిలించి, నీళ్లలో నూనె చుక్కలు తేలే ఎమల్షన్‌లో పరీక్షించిన ఫలితాలు 2009లో వచ్చాయి. తోక పెరిగేకొద్దీ రక్షణ పెరిగింది, 12 కార్బన్ల దగ్గర శిఖరానికి చేరింది, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. రోజ్‌మేరినిక్ ఆమ్లంతో చేస్తే శిఖరం 8 కార్బన్ల దగ్గరే వచ్చింది. ఆక్సీకరణ మొదలయ్యేది నూనె, నీరు కలిసే సరిహద్దులో. తోక పొట్టిదైతే అణువు నీళ్లలోనే ఉండిపోతుంది. సరిపడా ఉంటే తల నీటివైపు, తోక నూనెవైపు పెట్టి సరిహద్దులో నిలబడుతుంది. మరీ పొడుగైతే నూనె చుక్క లోపలికి మునిగిపోతుంది, లేదా తనలాంటి అణువులతో గుంపు కట్టి పక్కకు తప్పుకుంటుంది. ఓహెచ్ గుంపులు అన్నిటిలోనూ అవే, వాటి రసాయన శక్తీ అదే. తేడా అంతా ఎక్కడ నిలబడిందన్న దానిలోనే ఉంది. ఇంత స్పష్టంగా విషయం తేల్చిన ప్రయోగాలు ఈ రంగంలో అరుదు.

తోక మారితే భద్రత లెక్క కూడా మారుతుంది. గాలిక్ ఆమ్లానికి 3, 8, 12 కార్బన్ల తోకలు తగిలిస్తే ప్రొపైల్, ఆక్టైల్, డోడెసైల్ గాలేట్లు వస్తాయి. యూరప్‌లో మూడింటికీ ఆహార సంకలితాలుగా అనుమతి ఉండేది. తిరిగి సమీక్షించినప్పుడు ప్రొపైల్ గాలేట్‌కు రోజువారీ పరిమితి నిర్ణయించగలిగారు. మిగిలిన రెండింటికి సరిపడా భద్రతా సమాచారం లేకపోవడంతో 2018లో జాబితా నుంచి తొలగించారు. ఒకే తల్లి బిడ్డలు కదా అని ఒకదాని సర్టిఫికెట్‌ను ఇంకోదానికి చూపించడానికి వీల్లేదు.

కర్‌క్యుమిన్ విషయంలో ఇంకో రకం తొందరపాటు జరిగింది. పసుపులోని ఈ రంగు పదార్థం శరీర ద్రవాల పీహెచ్ దగ్గర ప్రొటీన్లేమీ లేని ద్రావణంలో ఉంచితే అరగంటలో దాదాపు 90 శాతం విడిపోతుంది. దానికి తోడు లోపలికి అందేది చాలా తక్కువ. అణువును మార్చకుండా దారి అడ్డు తొలగించే పద్ధతి 1998లో ప్రచురితమైంది. 2 గ్రాముల కర్‌క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇస్తే మనుషుల్లో అందే మోతాదు 20 రెట్లు అయింది. మిరియాల నుంచి వచ్చే పైపెరిన్ ఈ పని ఎలా చేస్తుందో గమనించాలి. బయటి పదార్థాలకు ముద్ర వేసి పంపే ఎంజైములను అది నెమ్మదింపజేస్తుంది. ఆ ఎంజైములు కర్‌క్యుమిన్ ఒక్కదాని కోసం లేవు. ఫెనిటాయిన్, థియోఫిలిన్, ప్రొప్రనొలాల్ లాంటి మందుల స్థాయి కూడా రక్తంలో పెరుగుతుంది. అందులో ఫెనిటాయిన్, థియోఫిలిన్‌ల విషయంలో సరైన డోసుకూ ప్రమాదకరమైన డోసుకూ మధ్య ఎడం చాలా తక్కువ. ఎక్కువగా ఒంటబట్టేలా తయారు చేసిన కర్‌క్యుమిన్ సప్లిమెంట్లు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదవుతూ వచ్చాయి. ఆహారంగా శతాబ్దాల అనుభవం ఉందన్న ధీమా ఇక్కడ చెల్లదు. శతాబ్దాల పాటు తిన్నది ఒంటికి అంతగా అందని కర్‌క్యుమిన్‌ను. గ్రీన్ టీలోని ఈజీసీజీ సంగతీ ఇంతే. సప్లిమెంట్ రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది.

ఏ దారిలో లోపలికి పోతుందన్నది మార్పిడి చేసిన అణువు తలరాతను ఎంతగా నిర్ణయిస్తుందో 2019లో అమెరికా చూసింది. విటమిన్ ఇలోని ఓహెచ్‌ను అసిటేట్‌తో మూస్తే టోకోఫెరిల్ అసిటేట్ వస్తుంది. గాలికి చెడిపోదు. మాత్రల్లో, క్రీముల్లో దశాబ్దాలుగా ఉంది, ఇబ్బందేమీ రాలేదు. గంజాయి నూనెతో నింపిన వేపింగ్ గొట్టాల్లో చిక్కదనం కోసం అదే పదార్థాన్ని కలిపారు. యువతీయువకులు ఊపిరాడక ఆసుపత్రులకు చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రిలో చేరినవారు లేదా మరణించినవారు 2,807 మంది, అందులో మరణాలు 68. ఊపిరితిత్తుల నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే 51 మంది రోగుల్లో 48 మందిలో టోకోఫెరిల్ అసిటేట్ కనిపించింది. పేగుల్లో ఆ మూతను విప్పే ఎంజైములు సిద్ధంగా ఉంటాయి. ఊపిరితిత్తి గాలి తిత్తులకు మాత్రం ఈ జిడ్డు పదార్థాన్ని ఎదుర్కొనే ఏర్పాటు లేదు. నోటికి సురక్షితం అన్న ముద్ర ఊపిరికి వర్తించదు.

అణువును మార్చడంలో అన్నిటికంటే దూరం వెళ్లిన ప్రయాణం ఒలియనోలిక్ ఆమ్లానిది. ఆలివ్ ఆకుల్లోనూ ఎన్నో పండ్ల తొక్కల్లోనూ ఉండే ఈ పదార్థం సొంతంగా చేసే పని అంతంతమాత్రం. అమెరికాలోని డార్ట్‌మత్‌లో మైకేల్ స్పోర్న్, తడాషి హోండా బృందం దాని వలయాల్లో రెండు చోట్ల మార్పులు చేసింది. కొత్త అణువు రాడికల్స్‌ను నేరుగా పట్టదు. కణంలో కీప్1 అనే ప్రొటీన్ ఎన్ఆర్ఎఫ్2 అనే ఇంకో ప్రొటీన్‌ను అదుపులో పెట్టి ఉంచుతుంది. కీప్1లో గంధకం ఉన్న సిస్టీన్ అనే భాగానికి కొత్త అణువు అతుక్కుంటే ఎన్ఆర్ఎఫ్2 విడుదలై కేంద్రకంలోకి వెళ్లి, గ్లూటాథయోన్ తయారీతో సహా కణం సొంత రక్షణ జన్యువులను మేల్కొలుపుతుంది. కణం తన రక్షణను తానే తయారు చేసుకుంటుంది కాబట్టి ముందు చెప్పిన గాఢత సమస్య ఇక్కడ తలెత్తదు.

ఈ కుటుంబంలో మొదట పెద్ద ప్రయోగానికి వెళ్లింది బార్డాక్సొలోన్ మిథైల్. టైప్ 2 మధుమేహంతో కిడ్నీలు బాగా దెబ్బతిన్న 2,185 మంది మీద బీకన్ ప్రయోగం జరిగింది. 2012 అక్టోబరులో మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం లేదా ఆ కారణంగా మరణించడం మందు తీసుకున్నవారిలో 96 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 55 మందికి జరిగింది. మొదటి కొన్ని వారాల్లోనే ఒంట్లో నీరు నిలవడం ప్రధాన కారణమని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. అదే అస్థిపంజరంలో ఒక కొసను మార్చి చేసిన ఒమావెలొక్సొలోన్‌ను ఫ్రీడ్రిక్ అటాక్సియా అనే అరుదైన నాడీ వ్యాధికి పరీక్షించారు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఫ్రటాక్సిన్ అనే ప్రొటీన్ తగ్గడం వల్ల నడక, మాట క్రమంగా కోల్పోయే జబ్బు అది. 103 మందితో 48 వారాల ప్రయోగంలో జబ్బు తీవ్రతను కొలిచే స్కోరులో 2.4 పాయింట్ల మేలు కనిపించింది. 2023 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ 16 ఏళ్లు, ఆపై వయసువారికి అనుమతించింది. ఆ జబ్బుకు అనుమతి పొందిన తొలి మందు అదే. ఆ కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

మైటోకాండ్రియా లోపలికే యాంటీఆక్సిడెంట్‌ను పంపే ప్రయత్నాలూ ఉన్నాయి. మొక్కల ఆకుపచ్చ కణాల్లో ఉండే ప్లాస్టోక్వినోన్‌కు ధనావేశం గల ఫాస్ఫోనియం గుంపును కలిపి స్కులచేవ్ బృందం రష్యాలో ఎస్‌కేక్యూ1 తయారు చేసింది. మైటోకాండ్రియా లోపల రుణావేశం ఉంటుంది కాబట్టి అణువు అక్కడికి లాగబడి వందల రెట్లు పోగవుతుంది. కళ్లు పొడిబారే సమస్యకు చుక్కల మందుగా వచ్చింది. కానీ గాఢత హద్దు దాటితే అదే అణువు ఆక్సీకరణను పెంచుతుంది. పోగయ్యేలా చేయడమే దాని గొప్ప, దాని ప్రమాదమూ అదే.

ఇలాంటి అణువు గురించి వార్త వచ్చినప్పుడు చూడాల్సినవి కొన్నున్నాయి. రక్తంలో కొలిచింది మార్పు లేని అణువునా, ముద్ర పడిన రూపాన్నా? మాతృ అణువును అదే డోసులో పక్కన పెట్టి పోల్చారా? మూత ఊడాక మిగిలే ముక్క ఏమిటి? నోటి దారిలో పరీక్షించి చర్మానికో ఊపిరికో అమ్ముతున్నారా? వేరే మందులు వాడేవారి మీద పరీక్షించారా? ఎక్కువ కాలం ఇచ్చారా? ఒమావెలొక్సొలోన్ వాడేవారికి మొదటి మూడు నెలలు నెలనెలా కాలేయ ఎంజైముల పరీక్ష చేయించాలని మందు పత్రంలోనే రాసి ఉంది. గుండె మీద భారం పడుతోందేమో చూసే బీఎన్‌పీ పరీక్ష, కొలెస్ట్రాల్ పరీక్ష మందు మొదలుపెట్టకముందే చేయించాలి. సప్లిమెంట్‌గా అమ్మే మార్పిడి యాంటీఆక్సిడెంట్ల డబ్బాల మీద ఈ తరహా సూచన కనిపించడం చాలా అరుదు. అవి కూడా శరీరంలోకి ఎక్కువగా చేరాలనే తయారైన కొత్త అణువులు, కొత్త మిశ్రమాలే.